ఎంగిలి లేని అన్నదమ్ములు

"నీకు పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయిరా?" అని అడిగాడు అన్న.

బైకుల షెడ్డులో పనిచేసే ఆ కుర్రాడు పొంగిపోయాడు. పుట్టినరోజు గురించి వాణ్ని అడిగినవాళ్లే లేరు, కేకు తెప్పిస్తాడేమో అనుకున్నాడు. ఇంకా ఏడాది పైనే ఉందన్నాడు. అన్న వాడి మెడ చుట్టూ చెయ్యేసి "బంగారం" అన్నాడు.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. షెడ్డు వెనక గదిలో చేరే ముఠాకి పెద్ద, ముప్పైకి దగ్గరపడ్డవాడు. అక్కడ వాడొక్కడే అన్న. మిగతావాళ్లకి మారుపేర్లే. మనవాడు స్పానర్.

నెత్తురు పంచుకోకపోయినా ప్రాణమిచ్చే అన్నదమ్ములు అని కళ్లు చెమర్చేవాళ్లు ఆ గదిలో ఓ గంట కూర్చోవాలి, ముక్కు మూసుకుని. చెమట ఇంకి నల్లబడ్డ పరుపు, మూలల్లో ఉమ్మి మరకలు, గ్లాసు నీళ్లలో నాని ఉబ్బిన సిగరెట్టు పీకలు. సీసా ఒకటే, నోళ్లు ఎనిమిది. అన్నదమ్ములకి ఎంగిలేంటిరా అనేవాడు అన్న. మొదటి గుక్క మాత్రం ఎప్పుడూ తనదే.

ఒకసారి ఫోన్ల దుకాణం షట్టరు లేపారు. అడ్డొచ్చిన వాచ్‌మన్ తల అన్న ఇనప రాడ్డుతో పగలగొట్టాడు. పోలీసులు వెతుకుతున్నారనగానే గదిలో లెక్కలు మొదలయ్యాయి. పెద్దవాళ్లయితే ఏళ్లకేళ్లు లోపలే, మైనరైతే కొన్నాళ్లకి ఇంటికొచ్చేస్తాడు. అందరూ స్పానర్ వైపు చూశారు. లాయరు ఫీజు నాదిరా అన్నాడు అన్న. కొట్టింది నేనే అని స్పానర్ స్టేషన్లో చెప్పేశాడు.

బాలల హోములో ఉన్నన్నాళ్లూ వాణ్ని చూడ్డానికి వచ్చింది అమ్మ ఒక్కతే. లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి, వేళ్ల నిండా కాలిన మచ్చలు. అన్న ఫీజు ఇచ్చాడా అని వాడు అడిగితే, ఏ అన్నరా అంది.

బయటికొచ్చేసరికి వాడికి పద్దెనిమిది దాటాయి. నేరుగా గదికెళ్లాడు. పరుపు మీద వాడి చోట్లో వాడి సొంత తమ్ముడు కూర్చుని ఉన్నాడు. పదిహేనేళ్లవాడు. వాడి మెడ చుట్టూ అదే చెయ్యి.

"రా స్పానర్, కూర్చో" అన్నాడు తమ్ముడు.

మాటలు వచ్చినప్పట్నుంచీ వీణ్ని అన్నా అని పిలిచినవాడు. స్పానర్ అన్న వైపు వేలు చూపించాడు.

"నీ వయసు అడిగాడా వీడు?"

"అడిగాడు. పుట్టినరోజుకి కేకు తెస్తాడేమో."

అన్న నవ్వి, మనలో మనకి ఇవన్నీ ఎందుకురా అంటూ సీసా అందించాడు. స్పానర్ పుక్కిలించినంత ఉమ్మి అందులో ఊసి, తిరిగి చాపాడు.

"తాగన్నా. అన్నదమ్ములకి ఎంగిలేంటి?"

అన్న తాగలేదు. మొహం చిట్లించి సీసా తోసేశాడు. ఆ మొహాన్ని తమ్ముడు కాసేపు చూశాడు. తర్వాత మెడ మీది చెయ్యి తీసేసి, లేచి చెప్పులు వెతుక్కున్నాడు. తలుపు దగ్గర ఆగి స్పానర్ చెప్పాల్సింది చెప్పాడు: ఇంకోసారి మా వాణ్ని పిలిస్తే, ఆ రాడ్డు ఎవరిదో స్టేషన్లో నేనే చెప్తా.

తమ్ముడు మళ్లీ అటు వెళ్లలేదు. అలవాటు మాత్రం పోలేదు, ఇంట్లో కూడా అప్పుడప్పుడు స్పానర్ అనే పిలుస్తాడు. పిలిచి నాలిక కరుచుకుంటాడు.

లాయరుకి అమ్మ ఇంకా నాలుగు వేలు బాకీ.