లాభం, రెండు, మూడు

కిందటేడు శ్రావణ మాసంలో ఒక గురువారం, ఉదయం సరిగ్గా పదకొండు గంటలకి, మా ఊరి హైస్కూల్లో కంప్యూటరు గదిలో, పై ఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు గారు ఒకటో తరగతి పాపకి తన చూపుడువేలు చూపించి "ఇది ఎంతమ్మా?" అని అడిగారు. పాప తడుముకోకుండా "లాభం అండి" అంది. గంట నాకెలా గుర్తుందంటే, ఎదురుగా గోడ గడియారం ఉంది. ఆఫీసరు గారి మొహం చూడలేక నేను దానికేసి చూశాను.

మొన్న రాజోలు నుంచి బస్సులో వస్తుంటే వెనక సీట్లోంచి నా గొంతు నాకే వినపడింది. తిరిగి చూస్తే ఒక తల్లి, ఒళ్ళో పిల్లాడు, వాడి చేతిలో ఫోను. అందులోంచి నేను "రెండూ... మూడూ... నాలుగూ..." అంటున్నాను. వాళ్ళది రామచంద్రపురమట. ఇది ఎక్కడిదమ్మా అని అడిగితే "డబ్బులేం అక్కర్లేదండి, మా బళ్ళో మేడం గారు ఎక్కించేరు" అంది. ఆ గొంతు నాదని చెప్పలేదు. చెబితే నమ్మదు, నమ్మితే దిగేదాకా మాట్లాడుతుంది. నాకు రెండూ అక్కర్లేదు. ఇంటికొచ్చాక మాత్రం ఆ గురువారం సంగతి రాసిపెడదామనిపించింది.

నా పని కళ్ళాల్లో ధాన్యం కొలవడం. కాటాలు రాకముందు మా వైపు వడ్లు కుంచంతో కొలిచేవాళ్ళం. కొలిచేవాడు మొదటి కుంచం బస్తాలో పోస్తూ ఒకటి అనడు, లాభం అంటాడు. ఆ ఇంటికి మంచి జరగాలని. అక్కణ్ణుంచి రెండు, మూడు మామూలే. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ అడగలేదు. బడికి వెళ్ళాల్సిన వయసులో ఆ పనిలోకి దిగాను, తల నెరిశాక పలక పట్టాను. మా వీధిలో పెద్దవాళ్ళకి సాయంత్రం పూట చదువు చెబుతున్నారని మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. అంతకుముందు బస్సుని రంగు చూసి ఎక్కేవాణ్ణి, ఏనాడూ తప్పు పోలేదు. చదవడం వచ్చాక మొదటిసారి బోర్డు చదివి దర్జాగా ఎక్కితే అమలాపురం బదులు ఆత్రేయపురం వైపు తీసుకుపోయింది. బోర్డు మార్చడం డ్రైవరు మరిచిపోయాడట. చదువు మీద నాకున్న గౌరవానికి ఆ రోజే ఒక హద్దు ఏర్పడింది.

ఇక మా లెక్కల మాస్టారు. కొత్తపేట వైపు మనిషి, సన్నగా, ఎప్పుడూ చొక్కా జేబులో చాక్‌పీసు ముక్కతో. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని పోగేసి కంప్యూటరులో చిన్నపిల్లలకి పాఠాలు తయారు చేయించేవాడు. అదే ఆవరణలో ఎలిమెంటరీ స్కూలు ఉంది. పెద్దపిల్లలు పాఠం తయారు చేసి ఒకటో తరగతికి పట్టుకెళ్ళేవారు. చిన్నవాళ్ళు ఎక్కడ ఆగిపోతున్నారో ఆ తరగతి టీచరమ్మ చూసి చెప్పేది. వీళ్ళు వెనక్కొచ్చి మళ్ళీ మార్చేవారు. అప్పటికి పదో తరగతిలో ఉన్న మా మనవరాలు వాళ్ళలో ఒకతి. కొనుక్కొచ్చిన పాఠాల్లో మంచుబొమ్మల్ని లెక్కపెట్టమంటున్నారట. మా పిల్లలు మంచు చూసింది ఐసుబండిలోనే. అందుకని వీళ్ళు వడ్లరాశి, కుంచం బొమ్మలు వేశారు. పాప వేలితో నొక్కితే కుంచం నిండుతుంది, బస్తాలో పడుతుంది, లెక్క వినపడుతుంది. కంప్యూటరుకి సొంతంగా ఒక తెలుగు గొంతు ఉందట. విన్నాను. జలుబు చేసిన మనిషి తిట్టినట్టుంది. ఆ మాటే అన్నాను. అన్నందుకు నన్నే చెప్పమన్నారు.

"దీన్ని ఎంతకి అమ్ముతారు మాస్టారూ?" అని అడిగాను, నా గొంతు అందులోకి పోతోంది కాబట్టి.

"అమ్మం బాబాయి గారండీ. తయారు చేసింది ఇచ్చేస్తాం, ఎలా చేసేమో అదీ ఇచ్చేస్తాం. నచ్చినోళ్ళు వాడుకుంటారు, నచ్చనోళ్ళు మార్చుకుంటారు."

"అంటే పూతరేకులు పంచిపెట్టి, రేకు తియ్యడం కూడా నేర్పుతారన్నమాట."

"ఆయ్, అదేనండి."

"మరి మీకేం మిగుల్తుంది?"

"వాళ్ళు బాగా చేసిన రేకు మళ్ళీ మనకొస్తుందండి" అన్నాడు. అప్పుడు నాకది మాటకారితనంలా అనిపించింది.

నా గొంతు రికార్డు చేసే రోజున ఫాన్లు ఆపేశారు, తలుపులు వేశారు, బయట కాకుల్ని తోలడానికి ఒకణ్ణి నిలబెట్టారు. ఉత్త చేతులతో నాకు లెక్క రాదు. ఆ మాట చెబితే మధ్యాహ్న భోజనం వంటగదిలోంచి బియ్యం, ఒక డబ్బా తెచ్చి ముందు పెట్టారు. కళ్ళంలో కొలిచినట్టే కొలిచాను. లాభం, రెండు, మూడు అంటూ పదిదాకా రాగం తీశాను. ఇక్కడ విచిత్రమేమిటంటే, గదిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మాస్టారు కళ్ళాల మధ్య పెరిగినవాడు, టీచరమ్మ రైతు ఇంటి ఆడపడుచు, పిల్లలు సరేసరి. అందరూ తలలాడిస్తూ విన్నారు. టీచరమ్మ "మా నాన్నగారు గుర్తొచ్చేరండీ" అని కళ్ళు తుడుచుకుంది. ఆ పాఠం అలాగే ఒకటో తరగతికి వెళ్ళింది.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. బియ్యం బస్తాలు పెట్టే గది కప్పు కారడం మొదలెట్టింది. హెడ్‌మేడం గారు నిక్కచ్చి మనిషి. కంప్యూటరు గది పొడిగా ఉంది, బస్తాలు అందులో వేయిస్తానన్నారు. మాస్టారు బతిమాలితే, "ఆఫీసరు గారు వస్తున్నారు కదండీ. ఇది చదువేనని ఆయనంటే గది మీది. ఆడుకోడమంటే మాత్రం బస్తాలు దింపించేస్తాను, తరవాత నన్నేమీ అనుకోవద్దు" అన్నారు. ఇళ్ళల్లో కంప్యూటరు ఉన్న పిల్లలు ఆ గుంపులో ఎవరూ లేరు. గది పోతే పని పోతుంది. మా మనవరాలు అన్నం తినడం తగ్గించింది. గొంతు ఇచ్చినవాణ్ణి కాబట్టి నన్నూ రమ్మన్నారు, వెళ్ళాను.

ఆఫీసరు గారు పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. లాభం అన్న మాటకి ఆయన కోప్పడలేదు, నవ్వలేదు. రెండు వేళ్ళు చూపించి, ఒకటి ముడిచి, "ఇప్పుడెంత?" అన్నారు. "లాభం అండి" అంది పాప, ఇంత తేలికవి అడుగుతారేమిటన్నట్టు. ఆయన మాస్టారి కేసి తిరిగారు. "మాస్టారూ, ఈ పిల్లకి ఒకటి అనే అంకె రాదా?"

మాస్టారు జేబులోంచి చాక్‌పీసు ముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. హెడ్‌మేడం గారు కిటికీలోంచి వాన చూస్తున్నారు. నేనే లేచి కళ్ళం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు పాపది కాదు, నాది కూడా కాదు, నేను నాకొచ్చిన లెక్క చెప్పాను, విన్నవాళ్ళు వినాల్సింది అన్నాను. మా మనవరాలు నాకేసి గుర్రుగా చూసి, "సార్, ఇప్పుడే మార్చేస్తానండి" అంటూ కంప్యూటరు ముందు కూర్చుంది.

"తాతయ్యా, ఒకటి అను."

ఆఫీసరు గారికి చూపించడానికని ఆ రోజూ బియ్యం, డబ్బా తెచ్చిపెట్టారు. డబ్బా అందుకుని బియ్యంలో ముంచాను. "లాభం" అన్నాను.

"డబ్బా కింద పెట్టి చెప్పు తాతయ్యా!"

"డబ్బా లేకపోతే నాకు లెక్క రాదే."

"చేతులు కట్టుకో. ఊఁ, ఇప్పుడను."

చేతులు కట్టుకుని అన్నాను. తద్దినం పెట్టేవాడు గోత్రం చెప్పినట్టు వచ్చింది. రెండోసారీ అంతే. అప్పటిదాకా చూస్తూ నిలబడ్డ పాప విసుగెత్తి, "ఒకటి అనాలండి తాతగారూ. ఒకటీ!" అని గట్టిగా అరిచింది. అది చక్కగా రికార్డయిపోయింది. మా మనవరాలు దాన్నే తెచ్చి నా రెండుకి ముందు అతికించింది. నొక్కితే పాప ఒకటి అంటోంది, నేను రెండు అందుకుంటున్నాను. పాత లెక్క తీసెయ్యకుండా బడి లెక్క, కళ్ళం లెక్క అని రెండు మీటలు పెట్టింది.

ఆఫీసరు గారు వంగి చూశారు. "ఇలా ఎవరైనా మార్చెయ్యొచ్చా? ఎవడైనా పాడుచేస్తే?"

"పాతది అలాగే ఉంటుందండి" అన్నాడు మాస్టారు, చాక్‌పీసు మళ్ళీ జేబులో వేసుకుని. "ఎవరు ఏం మార్చేరో అంతా కనపడుతుందండి. తప్పు చేసేమని మేం దాచలేం. దిద్దేమన్నదీ అలాగే ఉండిపోద్దండి."

ఆయన తనకోసం తెప్పించిన కొబ్బరిబొండం తాగుతూ రెండు మీటలూ మార్చి మార్చి నొక్కి విన్నారు. బొండం కింద పెట్టి, "గది పిల్లలకే ఉంచండి మేడం" అన్నారు.

"అయితే బస్తాలు నా నెత్తిన పెట్టుకోవాలాండీ?" అన్నారు హెడ్‌మేడం గారు. మళ్ళీ ఆవిడే, "నా గదిలో వేయించండి" అన్నారు. ఆవిడది పెద్ద మనసని ఊళ్ళో చెప్పుకున్నారు. నాకలా అనిపించలేదు. బళ్ళో అదొక్కటే మిగిలిన పొడి గది. ఏమైతేనేం, ఆ వానాకాలమంతా ఆవిడ బస్తాల సందున కుర్చీ వేసుకుని, ఎలకల్ని అదిలిస్తూ సంతకాలు పెట్టారు. కప్పు ఇంకా బాగుచెయ్యలేదు. పిల్లలు ఇంకా ఆ గదిలోనే పని చేస్తున్నారు.

ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళం: పై ఆఫీసు ఆఫీసరు గారు, హెడ్‌మేడం గారు, లెక్కల మాస్టారు, ఒకటో తరగతి టీచరమ్మ, పదో తరగతి పూర్తయి ఇప్పుడు కాలేజీకి వెళ్తున్న మా మనవరాలు, నేను, ఆ పాప. పాప ఇప్పుడు రెండో తరగతి, ఎక్కాలు చదువుతోంది. ఏడాది అందరికీ ఒక్కలాగే గడిచింది గానీ, పిల్లలు అందులో ఒక మెట్టు ఎక్కారు, మేం ఉన్నచోటే ఒక ఏడు ముసలివాళ్ళమయ్యాం.