తాతయ్య చేతిలో తెగే దారం

ఊళ్లో సగం మంది కడుపుల మీద సర్జన్ తాతయ్య వేసిన కుట్లున్నాయి. ఆయన చొక్కా గుండీ మాత్రం అమ్మమ్మే కుట్టాలి. "మనుషుల్ని తప్ప ఇంకేం కుట్టలేను," అంటాడు దర్జాగా.

అలాంటి సర్జన్ తల నెరిశాక మళ్లీ బడికెళ్లాడు. ఆసుపత్రికి రోబో వచ్చింది మరి. దాని చేతులతో ఆపరేషన్ చేయాలంటే, ముందు కంప్యూటర్ లోపలి ఉత్తుత్తి కడుపుల మీద కుట్లు వేసి పరీక్ష నెగ్గాలి. లేకపోతే ఇక కత్తి పట్టనివ్వరు. గదిలో కూర్చుని వచ్చినవాళ్ల నాలుకలు చూసుకోవడమే! ఆ మాట తల్చుకుంటే తాతయ్యకు ముద్ద దిగేది కాదు.

యంత్రానికి మొహం ఆనిస్తే లోపలంతా గులాబీరంగు లోకం. నీళ్లడుగున ఉన్నట్టు నిశ్శబ్దం. ఇక్కడ వేళ్లు కదిపితే, అక్కడెక్కడో ఇనపవేళ్లు తేలుతూ కదిలేవి. తాతయ్య ఆ రంగులో కరిగిపోయి, ముడి వేసి, ఎప్పటిలా లాగేవాడు. పుటుక్కు!

"దారం తెగింది," అనేది కంప్యూటర్ తియ్యగా.

ఇన్నేళ్లూ దారం బిగువు ఆయన వేళ్లకే తెలిసేది. ఇందులో వేళ్లకేమీ తగలదు.

"కళ్లతో పట్టుకోండి సార్," అనేది నేర్పే అమ్మాయి.

"కళ్లకు వేళ్లుంటాయా తల్లీ?"

ఇంట్లో గ్లాసు పగిలినా, పాలు విరిగినా మనవలది ఒకటే పాట: "దారం తెగింది!" అమ్మమ్మ కూడా వాళ్ల జట్టులో చేరిపోయింది.

పరీక్షకు ముందురోజు తాతయ్య కిటికీ దగ్గర కలలో ఉన్నట్టు కూర్చున్నాడు. పెరట్లో పాత తాడు మీద అమ్మమ్మ తడి దుప్పటి వేసింది. తాడు కిందికి వంగింది. ఆమె తాడు కొస పట్టుకుని లాగింది. వంపు తగ్గింది, ఇంకా తగ్గింది...

"ఆగు! ఇంకాస్త లాగితే తెగుతుంది!"

"అంత దూరం నుంచి మీకెలా తెలిసిందో!"

"కళ్లకూ వేళ్లున్నాయే!" అన్నాడు తాతయ్య. తర్వాత లేచి, "వదులు చెయ్యి. మళ్లీ లాగు," అంటూ పొద్దుగూకేదాకా ఆమె చేత అదే పని చేయించాడు.

"నాకేం పనీపాటా లేదనుకున్నారా?" అని విసుక్కుంటూనే ఆమె లాగింది.

మర్నాడు గులాబీ లోకంలో దారం వంపు మెల్లగా సర్దుకుంది. గాయం అంచులు ఒకదానికొకటి ఆనుకున్నాయి. తాతయ్యకు తడి దుప్పటి కళ్లముందు ఊగింది. ఆగాడు. చివరి ముడి దాకా అలాగే ఆగుతూ వెళ్లాడు.

"ఇదేంటమ్మా, కంప్యూటర్ ఏమీ అనదు? అలిగిందా?"

"తెగితేనే కదా సార్ అనేది! నెగ్గారు."

ఇంటికొచ్చేసరికి పెరట్లో దుప్పటి మట్టిలో పడి ఉంది. నిన్నటి లాగుడుకి తాడు పుటుక్కుమంది. అమ్మమ్మ నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. ఆమె నోరు తెరిచేలోపే తాతయ్య తియ్యగా అందుకున్నాడు.

"దారం తెగింది."

"ఓహో, నెగ్గారన్నమాట!" అంటూ అమ్మమ్మ రెండు కొసలూ ఆయన చేతిలో పెట్టింది. "వేయండి ముడి."