దానిమ్మ తాగిన మూడు నెలలు

ఆ రోజు పెళ్లికార్డుల కట్ట పట్టుకుని దుకాణం మెట్లెక్కుతున్నాను. సగంలో కూర్చుండిపోయాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. చార్మినార్ దగ్గరి సందులో మా కార్డుల దుకాణం. కింద అచ్చు మిషన్, పైన నేను తెలుగు కార్డులను కంప్యూటర్‌లో కూర్చే గది. నా పక్క బల్ల దగ్గర ఉర్దూ కార్డులను కలంతో రాసే పెద్దాయన ఉంటారు. అందరం ఉస్తాద్ అంటాం. ఆయన పైనుంచి తొంగిచూసి, "క్యా హువా బేటీ, మెట్లు లెక్కపెడుతున్నవా?" అన్నారు. నవ్వి లేచాను. ఎవరైనా పలకరిస్తే నవ్వి లేవడం తప్ప నాకింకేమీ రాదు.

అప్పటికే నా డైరీ నిండా గుర్తులున్నాయి. డబ్బాలోని పచ్చి బియ్యం నమలాలనిపించడం. గోళ్లు పాలిపోవడం. నెలసరి పది రోజులైనా ఆగకపోవడం. బియ్యం చప్పుడు విని మా నాయనమ్మ, "బుక్కు, బుక్కు. నీ లగ్గం నాడు వాన పడితే అప్పుడు తెలుస్తది" అనేది. ఇంత వివరంగా రాసుకున్న నేను దవాఖానలో ఒక్క ముక్క చెప్పలేదు.

మా బాపు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. సెలవు పెట్టి నన్ను తీసుకెళ్లాడు. సీబీసీ అని రక్తపరీక్ష చేశారు. పన్నెండు ఉండాల్సిన హీమోగ్లోబిన్ ఆరు పాయింట్ రెండు. డాక్టరమ్మ రిపోర్టు చూసి నా మొహంలోకి చూసింది. "పీరియడ్స్ ఎట్ల అయితున్నయి?"

పక్క కుర్చీలో బాపు గోడ మీది క్యాలెండర్ చదువుతున్నట్టు నటిస్తున్నాడు.

"నార్మలే మేడమ్" అన్నాను. జరిగినదంతటిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ రోత ఆ మాట మీదే.

ఐరన్ డెఫిషియెన్సీ అనీమియా అని రాసి, పూటకొక గోళీ ఇచ్చి పంపింది.

మాదన్నపేటలో మా గల్లీ చివరిదాకా ఆ కబురు చేరడానికి ఒక పూట పట్టింది. సాయంత్రానికి దానిమ్మపండ్లు రావడం మొదలైంది. ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తమవుతుందట. ఆ లెక్కన ఎర్ర ఇటుక కొరికినా రక్తమే కావాలి. ఎదురింటి ఖాలా గిన్నెడు గింజలు వలిచి తెచ్చి ముందు కూర్చుంది. "ఏక్ దానా భీ గిరానక్కో బేటీ. కౌన్సా దానా జన్నత్ కా హై మాలూమ్ నై." ప్రతి పండులో ఒక గింజ స్వర్గానిదట. ఏదో తెలియదు కాబట్టి ఒక్కటీ కింద పడకూడదట. నా దవడలు కదిలినంతసేపూ ఆమె కాపలా కాసింది. బాపు స్నేహితుడొకాయన వీడియోలు పంపాడు: దానిమ్మ గుండెకు, చర్మానికి, కీళ్లకు, జ్ఞాపకశక్తికి. అన్నిటికీ ఒక్క పండే సరిపోయేటట్టయితే దవాఖానలు ఎందుకు కట్టారో ఆయన చెప్పలేదు.

పడుకుని ఉన్న రోజుల్లో నేనూ పుస్తకాలు తిరగేశాను. ఇరాన్ వైపు నుంచి వచ్చి దక్కను ఎండకు అలవాటు పడిన పండు ఇది. మనవాళ్లు దాన్ని గోడల మీద చెక్కారు, బట్టల అంచుల్లో నేశారు, అమ్మవారి ఒంటి రంగును దాని పువ్వుతో పోల్చారు, చివరికి చిచ్చుబుడ్డికి కూడా దాని ఉర్దూ పేరే, అనార్ అని, పెట్టారు. ఇంత పొగిడినవాళ్లలో ఒక్కరైనా దాంట్లో ఐరన్ ఎంతుందో చూసినట్టు ఏ పుస్తకంలోనూ లేదు.

నా నెలసరి సంగతి ఇంట్లో తెలిసింది నాయనమ్మ ఒక్కదానికే. ఆమె గింజల జోలికి పోలేదు. వచ్చిన పండ్ల తొక్కలన్నీ మిద్దె మీద ఎండబెట్టింది. వాటిని ఇనుప మూకుడులో కాచి, వడగట్టి, పొద్దున, రాత్రి గ్లాసుడు ఇచ్చేది. నల్లగా, నాలుక ముడుచుకుపోయేంత వగరుగా ఉండేది.

"తొక్కకు రక్తం ఆగుతది. మూకుట్లది ఇనుము సుత దిగుతది. గోళి సుత దీంతోనే మింగు, ఒక్క పనైతది."

మా ఇంట్లో దాని పేరు దానిమ్మే. "దానిమ్మ తాగినవా?" అని రెండు పూటలా అడిగేది. తాగేదాన్ని.

నెలకు మళ్లీ పరీక్ష. ఆరు పాయింట్ మూడు. ఈసారి డాక్టరమ్మ బాపును బయట కూర్చోమంది. తలుపు పడ్డాక డైరీలో ఉన్నదంతా చెప్పాను, నేల చూస్తూ. స్కానింగ్‌లో గర్భసంచిలో పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డ కనిపించింది.

"ఆపరేషన్ చేసి గడ్డ ఒక్కటే తీస్తం. కానీ రక్తం పది దాటకుంటే మత్తు ఇయ్యరు. ఇట్లనే బ్లీడింగ్ అయ్యి ఎమర్జెన్సీల వస్తే గర్భసంచి మిగులుతదని నేను మాట ఇయ్యలేను. ఎన్నేండ్లు నీకు?"

"ఇరవై నాలుగు."

"పండ్లు గిట్ల తీసుకుంటున్నవా?"

"దానిమ్మ తీసుకుంటున్న మేడమ్."

"మంచిదే, తీసుకో."

ప్యాక్డ్ సెల్స్ అని రక్తం ఒక బాటిల్ ఎక్కించారు. ఏడు దాటింది. బ్లీడింగ్ తగ్గడానికి కూడా మందులిచ్చారు, కొంత తగ్గింది. అయినా తర్వాతి నెల ఆరున్నర. ఆ పై నెల ఆరు పాయింట్ నాలుగు. "గోళీలు నిజంగనే మింగుతున్నవా?" అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. పేగులకు ఐరన్ పట్టడం లేదేమో చూడాలని ఎండోస్కోపీ రాసింది. నేను డైరీలో గర్భసంచి అన్న మాట రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.

ఎండోస్కోపీ రోజు సిస్టర్ కాగితం నింపుతూ అడిగింది.

"పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా?"

"లేదు సిస్టర్."

"తాగినవా?"

"దానిమ్మ ఒక్కటే తాగిన."

"ఖాళీ కడుపుతోని రమ్మంటే జ్యూస్ తాగొస్తవా?"

"జ్యూస్ కాదు సిస్టర్. నల్లగుంటది."

సిస్టర్ పెన్ను ఆపింది. "దానిమ్మ నల్లగుంటదా?"

ఎండోస్కోపీ ఆపేశారు. అది తొక్కల కషాయమని నా నోట చెప్పించి డాక్టరమ్మ ముందు నిలబెట్టారు.

"ప్రతిసారీ అడిగిన కదమ్మా."

"తీసుకుంటున్నవా అన్నరు మేడమ్. తీసుకుంటున్న అన్న."

దవాఖాన తెలుగులో తినడం, తాగడం, మింగడం, సూది పొడిపించుకోవడం అన్నీ తీసుకోవడమే. ఆమె పండు అనుకుంది. నేను తొక్క అనుకున్నాను. ఇద్దరం మర్యాదగా తల ఊపుకున్నాం. ఆ మర్యాదకు నా మూడు నెలలు పోయాయి.

"తొక్కల టానిన్ అనే వగరు ఉంటది. నువ్వు మింగిన ఐరన్‌ను పట్టుకొని ఒంటికి పట్టనియ్యది. చాయ్ కన్న ఘోరం. పండు తిను, ఏం కాదు, కానీ నీకు కావాల్సినంత ఐరన్ దాంట్ల లేదు."

దుకాణంలో ఉస్తాద్‌కు కషాయం సంగతి వరకే చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి చాలాసేపు నవ్వారు. "మా అబ్బా సియాహీ ఎట్ల చేసేటోడో తెల్సా? అనార్ ఛిల్కా, గదే తొక్క, ఉడకబెట్టి దాంట్ల ఇనుప మేకులు ఏసేటోడు. తుమ్ తో పేట్ మే సియాహీ బనాలేరే థే బేటీ. నాకు తెచ్చిస్తే నాలుగు కార్డులన్న రాస్తుంటి."

అంటే రోజుకు రెండు పూటలా నేను కడుపులో సిరా తయారుచేసుకున్నానన్నమాట. రక్తానికి బదులు సిరా. పుస్తకాల పిచ్చిదాన్నని ఇంట్లో అనేవాళ్లు, మరీ ఇంతగా నిజమవుతుందని అనుకోలేదు.

నాయనమ్మ ఒప్పుకోలేదు. "నలుగురిని కన్న. కాన్పు కాన్పుకు అవే నీళ్లు తాగిన."

"అప్పుడు నువ్వు ఐరన్ గోళీలు మింగలే కద నాయనమ్మా."

మూకుడు బోర్లించి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు గోళీ, మంచినీళ్ల గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. అంతకుమించి ఆమె దగ్గర నేనేమీ ఆశించలేదు.

కొన్ని వారాలు ఐరన్ డ్రిప్‌లో ఎక్కించారు, గోళీలు ఉత్త నీళ్లతో మింగాను. ఏడున్నర, తొమ్మిది, తర్వాత పది పాయింట్ మూడు. ఆ వారమే ఆపరేషన్. మత్తు వదులుతుండగా డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, "గడ్డ ఒక్కటే తీసినం. మిగిలింది నీది నీకే ఉంది" అంది. అప్పుడు మాత్రం నవ్వి లేవలేకపోయాను. ఏడ్చాను.

ఇప్పుడు పన్నెండు దగ్గర ఉంది. పనికి వెళ్తున్నాను. దానిమ్మ ఎవరైనా ఇస్తే తింటాను, పండులాగా. దవాఖానకు వెళ్తే బాపు చెప్పించుకోకుండానే బయట కూర్చుంటాడు. నెలసరి ఎన్ని రోజులైందని అడిగితే అంకె చెప్తాను, ఇంకా నేల చూస్తూనే.

మీకు చెప్పేది ఒక్కటే. మందుల చీటీతో పాటు ఇంట్లో మీరు తాగుతున్నది కూడా, అది ఎవరు ఎంత ప్రేమతో కాచినా సరే, ఒక సీసాలో పోసుకుని డాక్టర్ బల్ల మీద పెట్టండి. మనకు నోరు రాకపోవచ్చు. సీసాకు సిగ్గుండదు.