రాట్నం పిలుపు

నాలుగేళ్లు వచ్చినా మా చెల్లెలు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. మనిషి కళ్లలోకి చూడదు, మాట్లాడదు. నూలు చుట్టే ఖాళీ కండెలను వాకిట్లో వరుసగా పేర్చుకుంటూ కూర్చునేది. ఒక్కటి జరిపినా ఏడుపే. ఇప్పుడైతే ఆటిజం అంటారు. యాభైలలో మా సాలెవాడలో ఆ మాట ఎవరికి తెలుసు? చెవుడన్నారు కొందరు, గాలి సోకిందన్నారు ఇంకొందరు. కన్నబిడ్డ కోసం బాపు యాదగిరిగుట్టకు తీసుకుపోయి ప్రదక్షిణలు చేయించాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆమె వెనక నిలబడి కంచం మోగించి చూసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

ఒకనాడు బాపు వాళ్లమ్మ, మా అవ్వ, కండెలు చుడుతుంటే నూలు తెగి రాట్నం ఆగింది. వాకిట్లో చెల్లెలి చెయ్యి కూడా ఆగింది. అవ్వ అది చూసింది. నూలు ముడి వేయకుండానే ఉత్త రాట్నాన్ని మెల్లగా తిప్పింది. కంచం మోతకు కదలని పిల్ల లేచి వచ్చి, తిరిగే చక్రం పక్కన కూర్చుని నవ్వింది. మగ్గం మీద బాపు చేతులు ఆగిపోయాయి.

"పిల్లకు చెవుడు లేదు కొడుకా, మనకే పిలుసుడు తెల్వది" అన్నది అవ్వ.

ఆ పూట నుంచి అన్నానికి ఆమెను ఎవరూ కేకేయలేదు. రాట్నం తిప్పేవాళ్లం.