ఎనిమిది నెలలు సంచిలో తిరిగిన ఫారం

మా మనవరాలి బర్త్ సర్టిఫికెట్ వచ్చేసింది. మూడేళ్లకు వచ్చింది. దేవునికి స్తోత్రం.

ఈ మాట మీ అందరికీ స్వీట్ బాక్సులతో చెప్పాలనుకున్నాను. ఇలా చెప్పాల్సి వచ్చింది.

దాన్ని తెచ్చిపెట్టిన మ్వాంజా మాస్టారు నిన్న పొద్దున చనిపోయారు. సైకిల్ బయటికి తీస్తూ కూలిపోయారంట.

జాంబియా నుంచి మెసేజ్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. తెలియని నంబర్. మాస్టారు ఇక లేరు అని ఒక్క ముక్క. ఈ మధ్య ఇలాంటివి పెట్టి తర్వాత ఏదో లింక్ నొక్కమంటారు కదా. బ్లాక్ చేసేశాను.

గంట తర్వాత మా అమ్మాయి సునీత ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను బ్లాక్ చేసింది ఆయన కొడుకునంట.

నా అనుమానం ఆయన్ని పోయాక కూడా వదల్లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. సునీత, అల్లుడు ప్రభాకర్ జాంబియాలో ఒక చిన్న మిషన్ ఆస్పత్రిలో పని చేస్తారు. పాప అక్కడే పుట్టింది. నాకు గుండె ఆపరేషన్ అయ్యింది, డాక్టర్ ఫ్లైట్ ఎక్కొద్దన్నాడు. కాబట్టి పాపే రావాలి. రావాలంటే పాస్‌పోర్ట్ కావాలి. పాస్‌పోర్ట్ కావాలంటే బర్త్ సర్టిఫికెట్ కావాలి.

మ్వాంజా మాస్టారు వాళ్ల పక్కింటి రిటైర్డ్ టీచర్. అక్కడ చాలామంది పిల్లలు ఇళ్లలోనే పుడతారు. ఆఫీసు దూరం, రాయించేవాళ్లు ఉండరు. ఈయన సైకిల్ మీద పల్లెలు తిరిగి, ఫారాలు నింపి, సంచిలో వేసుకుని జిల్లా ఆఫీసుకు తీసుకెళ్లేవారు. ఎవరో ఇచ్చిన ఉద్యోగం కాదు.

నా అనుమానమంతా అక్కడే. ఊరికే ఎవరు తిరుగుతారు?

మొదటి వీడియో కాల్‌లో నన్ను చూడగానే కొంచెం వంగి, రెండు చేతులూ గుల్లగా పెట్టి మెల్లగా చప్పట్లు కొట్టారు. ఎగతాళి చేస్తున్నాడనుకుని ఫోన్ పెట్టేశాను.

"నాయనా, అది వాళ్ల నమస్కారం. పెద్దోళ్లకు అట్ల చేస్తారు" అని సునీత చెప్పింది.

సరే అన్నాను. నమ్మలేదు.

తర్వాత ఆయన ఇంకో మాట అడిగారు. పాప పేరు నా చేత్తో కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపాలంట.

పేరు సంగతి మన చుట్టాలకు తెలుసు. మా ఇంట్లో మొదటి మనవరాలికి తాతే పేరు పెడతాడు. చర్చిలో అందరి ముందు పిలుస్తాడు, అంతవరకు ఎవరికీ చెప్పడు. పాప బెంగళూరు వచ్చాకే పిలుస్తానని నేనూ పట్టుబట్టాను. వాళ్లు చిన్నీ అని పిలుచుకున్నారు. ఆస్పత్రి కాగితంలో పేరు చోట ఖాళీ.

ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషి నా సంతకం అడుగుతున్నాడు. బిడ్డను ఇంకెవరి బిడ్డగానో రాయించేస్తే? బళేపేట గాజుల అంగట్లో ముప్పై ఏళ్లు పని చేశాను. సంతకంతో ఏమేం చేస్తారో చూసినవాణ్ణి.

ఎనిమిది నెలలు పంపలేదు.

"ఏమయ్యా, దాని పెండ్లికన్నా ముందన్నా పంపుతావా? నీ సంతకం ఏమన్నా రాజముద్రా?" అంది మా ఆవిడ కరుణమ్మ.

"ఆ మనిషి నా మొగం చూసి మాట్లాడల్యా. పక్కకు చూస్తాండాడు" అన్నాను.

"నీకు మాత్రం ఫోన్ పట్టుకునేది వచ్చునా? ఆయనకు నీ చెవు ఒకటే కనపడింటాది."

ఒక ఆదివారం మళ్లీ కాల్ వచ్చింది. మాస్టారి పక్కన పన్నెండేళ్ల ఆడపిల్ల కూర్చుని ఉంది. స్కూల్లో పెద్ద పరీక్ష రాయాలంటే పుట్టిన కాగితం అడిగారంట, ఆ పిల్లకు లేదు. ఆయన నాకు అర్థమయ్యేలా నిదానంగా ఇంగ్లీషులో చెప్పారు.

"ఈ పిల్లకు పేరుంది, కాగితం లేదు. మీ పిల్లకు కాగితం ఉంది, పేరు లేదు. నాకున్నది ఒక్కటే సైకిల్ సార్."

ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది.

ఆ సాయంత్రమే రాశాను. సుగుణ. మా అమ్మ పేరు.

సంతకం కింద మిగిలిన జాగా అంతా పెన్నుతో అడ్డంగా గీతలు కొట్టాను, ఎవరూ ఇంకేమీ చేర్చకుండా. అంగడి అలవాటు. వెనక వైపు కూడా కొట్టి, కొరియర్ చేశాను. అది చూసి మాస్టారు, "ఈయన నా దగ్గర గుమాస్తాగా ఉంటే బాగుండేది" అన్నారంట.

మొన్న సర్టిఫికెట్ ఫొటో వచ్చింది. దాన్నీ నమ్మలేదు. యలహంకలో మా వీధి జిరాక్స్ షాపుకు వెళ్లి పెద్దగా ప్రింట్ తీయించి, ముద్ర అసలుదేనా అని షాపు నాగరాజును అడిగాను.

"జాంబియా ముద్ర నేను ఎప్పుడన్నా చూసినానా అప్పా? ఆధార్ ఫొటోలో నువ్వే నీ మాదిరి లేవు, దాన్ని నమ్మలేదా?" అన్నాడు.

అప్పుడు నమ్మాను. ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచాను. దారిలో కనిపించిన ప్రతి ఒక్కరికీ చూపించాను.

నిన్న సునీత ఏడుపు మధ్యలో ఇంకో సంగతి చెప్పింది. ఆఫీసుకు నా సంతకం అవసరమే లేదంట. తల్లిదండ్రులు ఏ పేరు చెప్పినా రాసుకుంటారు, ఒక్కరోజు పని. చిన్నీ అనే రాసేయమని వీళ్లిద్దరూ అడిగారంట కూడా.

మాస్టారు ఒప్పుకోలేదంట. "మాలో కూడా పేరు పెట్టేది తాతలే. ఆయన బ్రతికి ఉండగా నేనెట్లా రాస్తాను? ఆయన చేత్తోనే రానీ" అన్నారంట.

ఒక్క గడి ఖాళీగా పెట్టి, ఆ ఫారాన్ని ఎనిమిది నెలలు సంచిలో మోశారు.

ఆ ఎనిమిది నెలలూ నేను ఆయన్ని దొంగ అనుకున్నాను.

నివాళి పోస్టులో పుట్టిన తేదీ పెడతారు కదా. ఆయనది అడిగాను. ఎవరికీ తెలియదంట. ఆయన పుట్టినప్పుడు రాయించినవాళ్లు లేరు. అందుకే పెట్టలేదు.

ఆయన కొడుకును అన్‌బ్లాక్ చేసి క్షమించమన్నాను. మాస్టారి ఫొటో ముందు కొంచెం వంగి, చేతులు గుల్లగా పెట్టి, మెల్లగా చప్పట్లు కొట్టాను.

సైకిల్ దిగండి మాస్టారూ. ఇంక ప్రభువు దగ్గర నిమ్మళంగా కూర్చోండి.

ఈ రెండు కబుర్లూ వీళ్లకు తప్పక చేరాలి:

హిందూపురం రాహేలక్క. చెవి దగ్గర గట్టిగా చెప్పాలి.

వియ్యంకుడు యేసుదాసు గారు.

కుందలహళ్ళిలో మా అన్న కొడుకు విజయ్. మెసేజ్ చూడడు, ఫోన్ చేయండి.

మదనపల్లె చిన్నమ్మ. సుగుణ అంటే తన అక్క పేరు, ఏడుస్తుంది, పక్కన ఎవరైనా ఉండండి.

సుగుణకు మాత్రం ఈ రెండూ ఎవరూ చెప్పొద్దు. అది ఇక్కడికి వస్తుంది. చర్చిలో దాన్ని ఆ పేరుతో పిలిచిన రోజు, మాస్టారి పేరు కూడా దానికి నేనే చెప్తాను.