అమ్మ తరఫు స్కాలర్‌షిప్

గల్ఫ్‌లో, అబుదాబికి పడమరగా ఉన్న రువైస్‌లో కంపెనీ ఇచ్చిన ఇళ్ళలో మేము చాలా ఏళ్ళు ఉన్నాం. మా పక్కింట్లోకి ఆ కుటుంబం దిగేనాటికి వాళ్ళమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. తండ్రిది కాకినాడ, మావారు పనిచేసే రిఫైనరీలోనే ఇంజనీరు. తల్లిది దక్షిణ అమెరికాలోని కొలంబియా, మాతృభాష స్పానిష్. హ్యూస్టన్‌లో ఒకే కంపెనీలో పనిచేస్తున్నప్పుడు ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. అమ్మాయి అక్కడే పుట్టింది కాబట్టి ఆ పిల్లది అమెరికా పాస్‌పోర్టు.

తల్లి తెలుగు బాగా మాట్లాడేది. అత్తగారు కొన్నేళ్ళు వాళ్ళ దగ్గరే ఉండి వెళ్ళారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న తెలుగు కనుక మాటమాటకీ 'అండి' వచ్చేది, గోదావరి యాస వచ్చేది. వాళ్ళాయన నన్ను చెల్లెమ్మా అని పిలుస్తారు కాబట్టి ఆమె నన్ను వదినగారూ అనేది. ఆ వరసలు ఎవరూ విడమరిచి చెప్పకుండానే ఆమెకు తెలిసిపోయాయి. కాలనీలో మిగతా తెలుగువాళ్ళు మాత్రం ఆమెను 'స్పెయిన్ ఆవిడ' అనేవారు. స్పెయిన్ కాదని నేను ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను.

నేను విశాఖపట్నంలో లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను. రువైస్‌లో ఉద్యోగం దొరకలేదు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మా అబ్బాయి ఇంజనీరింగ్‌కి ఇండియా వెళ్ళిపోయాక పక్కింటి అమ్మాయి నా దగ్గర ఎక్కువసేపు గడపడం మొదలుపెట్టింది. లెక్కల్లో చురుకైన పిల్ల. ఒకటే లోపం, మధ్యలో మెట్లు రాయకుండా జవాబు రాసేసేది.

రెండువేల పదహారులో చమురు ధర బాగా పడిపోయి ఉంది. కంపెనీ చాలామంది కాంట్రాక్టులు పొడిగించడం మానేసింది. పక్కింటాయనది మరుసటి జూన్‌తో ఆఖరని చెప్పారు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది, వీసా కూడా పోతుంది. అమ్మాయి అప్పుడు పన్నెండో తరగతిలోకి వచ్చింది. అమెరికాలో చదివించాలని మొదటినుంచీ అనుకుంటున్నారు. ఇప్పుడు ఎలాగన్నది ఎవరూ పైకి మాట్లాడలేదు.

దారి ఉందని కనిపెట్టింది అమ్మాయే. టెక్సాస్‌లో ఒక కాలేజీ హిస్పానిక్ కుటుంబాల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తుంది. హిస్పానిక్ అంటే స్పానిష్ మాట్లాడే దేశాలనుంచి వచ్చినవాళ్ళు. తల్లి గాని తండ్రి గాని, ఒక్కరు అలాంటివారైతే చాలు. అయితే శాట్ అనే ప్రవేశ పరీక్షలో వాళ్ళు చెప్పినన్ని మార్కులు దాటాలి. అది చదివి ఆ పిల్ల నేరుగా మా ఇంటికి వచ్చింది.

"ఆంటీ, నేను హిస్పానిక్‌నా?" అని అడిగింది.

"మీ అమ్మ అవునా కాదా?"

"అమ్మ అవును."

"మరింకేం?"

"నన్ను చూస్తే ఎవరైనా ఇండియన్ అనే అంటారు కదా ఆంటీ. ఇంటిపేరు కూడా నాన్నదే."

ముందు ఇంట్లో చెప్పమన్నాను.

ఆ శుక్రవారం వాళ్ళింట్లో మేము భోజనానికి వెళ్ళినప్పుడు ఆ మాట వచ్చింది. తండ్రికి అది నచ్చలేదు. ఆయన మంచి మనిషి, గొంతు పెంచే మనిషి కాదు. కానీ రిజర్వేషన్ల మీద ఆయనకు గట్టి అభిప్రాయాలు ఉండేవి. తన ర్యాంకుకు తను కోరుకున్న కాలేజీ రాలేదని, తనకన్నా తక్కువ ర్యాంకు వాళ్ళకు వచ్చిందని పాతికేళ్ళ తర్వాత కూడా చెప్పేవారు. ఆయన దాన్ని అలాగే నమ్ముతారని మాకందరికీ తెలుసు.

"మా అమ్మాయి తెలుగమ్మాయి చెల్లెమ్మా," అన్నారు నాతో. "ఇన్నాళ్ళూ అలాగే పెంచాం. ఇప్పుడు అవసరం వచ్చిందని హిస్పానిక్ అన్న గడిలో టిక్కు పెడితే ఏమవుతుంది? ఇంకొకళ్ళ సొమ్ము దొంగిలించినట్టు కాదూ?"

ఆమె పులుసు గిన్నె బల్ల మీద పెట్టింది. తొందరపడలేదు.

"దొంగతనం ఎవరింట్లోనండి?" అంది. "నా ఇంట్లోనా? నా కూతురు నా దగ్గర తీసుకుంటే దొంగతనం అంటారా?"

మావారు పెట్రోలు రేటు గురించి ఏదో అన్నారు. ఆ పూట ఆ విషయం అక్కడితో ఆగింది. మర్నాడు అమ్మాయి వచ్చి పరీక్షకు పేరు ఇచ్చేశానని చెప్పింది. నాన్న ఏమన్నారని అడిగాను. "ఏం అనలేదు. ఫీజు కట్టడానికి కార్డు ఇచ్చారు," అంది.

లెక్కల భాగానికి నా అవసరం పెద్దగా లేదు. చిక్కంతా ఇంగ్లీషు చదివి జవాబు చెప్పే భాగంతోనే. ఆ పిల్ల ఇంగ్లీషు మీడియంలోనే చదివినా నెమ్మదిగా చదివేది. ప్రతి వాక్యం నిజమా కాదా అని ఆలోచిస్తూ కూర్చునేది. పరీక్షలో అంత సమయం ఉండదు. ఆ ఏడే పరీక్ష పద్ధతి మారింది, పాత పుస్తకాలు పనికిరావన్నారు. అందుకని కంప్యూటర్లో దొరికిన నమూనా పేపర్లు ప్రింటు తీసుకుని ఇద్దరం చెరో కాపీ పెట్టుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఫోనులో టైము పెట్టేదాన్ని. మొదటిసారి నాకు ఆ పిల్ల కన్నా తక్కువ వచ్చాయి. రెండోసారి కూడా. ఆ పిల్లకు అది ధైర్యం ఇచ్చిందనుకుంటాను. నాకు మాత్రం కొంచెం కష్టంగానే తోచింది.

కాలనీలో సంగతి తెలిసింది. "తెలుగు పిల్లకి స్పెయిన్ వాళ్ళ స్కాలర్‌షిప్పేంటండీ?" అని ఒకావిడ నన్నే అడిగింది. ఇంకొకావిడ, "మన దగ్గర కులం సర్టిఫికెట్‌లాంటిదన్నమాట," అంది. అలాంటిదేననుకోండి అన్నాను. దాని మీద అక్కడ చిన్న చర్చ జరిగింది. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

అక్టోబరులో మొదటిసారి రాసింది. లెక్కల్లో దాదాపు అన్నీ వచ్చాయి. ఇంగ్లీషు వల్ల మొత్తం మీద కొద్దిలో తప్పింది. డిసెంబరులో మళ్ళీ రాయాలనుకుంది. పరీక్షలు అబుదాబిలో ఒక బడిలో శనివారం పొద్దున పెట్టేవారు. రువైస్‌నుంచి రెండున్నర గంటల ప్రయాణం. మొదటిసారి ముందురోజే వెళ్ళి హోటల్లో ఉన్నారు. ఈసారి ఆయనకు శుక్రవారం డ్యూటీ పడింది. తెల్లవారుజామునే బయలుదేరదామన్నారు. వాళ్ళ ముగ్గురితో నేనూ వస్తానన్నాను. అబుదాబిలో నాకు కళ్ళ డాక్టరు దగ్గర పని ఉంది.

దారిలో మిర్ఫా అనే ఊరు దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత పొగమంచు పట్టింది. శీతాకాలంలో ఆ రోడ్డు మీద అది మామూలే గాని అంత దట్టంగా నేను చూడలేదు. ముందు కారు ఎర్ర దీపాలు కూడా కనబడలేదు. లారీలన్నిటినీ పోలీసులు పక్కకు ఆపేశారు. ఆయన వేగం బాగా తగ్గించి, చివరికి ఒక పెట్రోలు బంకులోకి తిప్పి ఆపేశారు. అక్కడ మాలాగే చాలా కార్లు ఆగి ఉన్నాయి.

"నాన్నా, ఎనిమిదింటికి తలుపులు మూసేస్తారు," అంది అమ్మాయి.

"తెలుసమ్మా."

"మెల్లిగా వెళ్ళలేమా?"

"వెళ్ళలేం. ముందు ఏముందో నాకు కనబడటం లేదు."

మంచు విడిచాక బయలుదేరాం. బడి దగ్గరికి చేరేసరికి గేటు మూసి ఉంది. ఆయన దిగి వెళ్ళి అక్కడున్న మనిషితో ఇంగ్లీషులో, హిందీలో చెప్పి చూశారు. ఆ మనిషి మర్యాదగానే, "ఖలాస్ సార్, లోపల మొదలైపోయింది," అన్నాడు. ఆయన తిరిగి వచ్చి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు వెనక సీట్లో నా పక్కన కూర్చున్న తల్లి కూతురితో స్పానిష్‌లో మాట్లాడటం మొదలుపెట్టింది. అన్నేళ్ళలో ఆమె ఆ భాషలో అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. ఫోనులో వాళ్ళ అక్కతో మాట్లాడేది, అంతే. అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడు ఆ భాషలోనే లాలించేదట గాని, ఇంట్లో అత్తగారు ఉన్నన్నాళ్ళూ తెలుగే. తర్వాత అదే అలవాటైపోయింది. ముందు సీట్లో ఉన్న అమ్మాయి వెనక్కి తిరగకుండా వింది. మధ్యమధ్యలో, "ఊఁ," "తర్వాత?" అని తెలుగులో అడిగింది. ఆయనకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నేను కళ్ళ డాక్టరుకు చూపించుకున్నాక, తిరుగు ప్రయాణంలో టీకి ఆగినప్పుడు అమ్మ ఏం చెప్పిందని అమ్మాయిని అడిగాను. "అమ్మ కూడా ఒకసారి ఇలాగే పరీక్ష తప్పిందట ఆంటీ. కెమిస్ట్రీ కోర్సుకి. నది పొంగి బస్సు ఆగిపోయిందట. బస్సులోనే ఉడకబెట్టిన మొక్కజొన్న తింటూ కూర్చున్నారట అందరూ. మరుసటి ఏడు మళ్ళీ రాసిందట," అంది. టీ కప్పు పక్కన పెట్టి, "నాకు ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు," అంది.

కాలేజీ గడువులోపల ఇంకొక్క తేదీ మిగిలింది, జనవరిలో. ఈసారి ఆయన సెలవు పెట్టి రెండు రోజుల ముందే తీసుకెళ్ళారు. నేను వెళ్ళలేదు. మార్కులు వచ్చిన రోజు ఆ పిల్ల పరుగెత్తుకు రాలేదు. నడుచుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "దాటాను ఆంటీ," అంది. ఇంగ్లీషులో ఎక్కువే పెరిగాయి. లెక్కల్లో ఒక ప్రశ్న తప్పింది. ఆ ప్రశ్న ఏమై ఉంటుందా అని ఇద్దరం కాసేపు అనుకున్నాం.

మార్కులు దాటినవాళ్ళతో కాలేజీవాళ్ళు ఫోనులో మాట్లాడతారట. వీడియో కాల్స్ ఇక్కడ సరిగా పనిచేయవని చెబితే మామూలు ఫోనే చేస్తామన్నారు. వాళ్ళకు పొద్దున, మాకు సాయంత్రం. ఆ వారం వాళ్ళింటి ఏసీ పాడై మనుషులు వచ్చి పోతున్నారు. అందుకని మా ఇంట్లో కూర్చుంది. తల్లీ తండ్రీ కూడా వచ్చారు. తల్లి వంటింట్లో నా పక్కన నిలబడింది. ఆయన హాల్లోనే, కొంచెం దూరంగా కూర్చున్నారు.

చదువు గురించి, రువైస్ గురించి అడిగారు. ఆ తర్వాత ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారని అడిగారు. అమ్మాయి ఆ ప్రశ్నను మళ్ళీ ఒకసారి పైకి అంది. ఆయన తలెత్తి చూశారు.

"మా అమ్మ స్పానిష్‌లో మాట్లాడుతుంది, ఈ మధ్య ఎక్కువగా," అంది ఇంగ్లీషులో. "నాకు అర్థమవుతుంది. కానీ నేను తెలుగులో జవాబిస్తాను. మా నాన్నది తెలుగు. స్పానిష్‌లో మాట్లాడాలంటే నాకు తప్పులు వస్తాయి."

అవతల ఏమన్నారో మాకు వినబడలేదు. వంటింట్లో తల్లి కుళాయి తిప్పి, ఏమీ కడగకుండానే మళ్ళీ కట్టేసింది. ఫోను పెట్టేశాక అమ్మాయి తండ్రి వైపు చూసి, "ఉన్నది చెప్పాను నాన్నా. పోతే పోయింది," అంది.

"పోదులే," అన్నారాయన. "సరిగ్గానే చెప్పావు."

ఆ స్కాలర్‌షిప్ గురించి ఆయన నా ఎదుట అన్న మొదటి మంచి మాట అదే.

ఏప్రిల్‌లో మెయిల్ వచ్చింది, స్కాలర్‌షిప్ ఇచ్చారని. జూన్‌లో వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. సామాను చాలావరకు పంచేశారు. నాకు వాళ్ళ మొక్కల కుండీలు వచ్చాయి, అందులో సగం ఆ ఎండాకాలమే పోయాయి. అమ్మాయి ఆగస్టులో టెక్సాస్ వెళ్ళింది. కొన్ని నెలలు విజిట్ వీసా మీద గడిపాక ఆయనకు షార్జాలో చిన్న ఉద్యోగం దొరికింది. జీతం తగ్గింది గాని ఇద్దరూ ఈ దేశంలోనే ఉండిపోగలిగారు.

తర్వాత మావారికి అబుదాబి బదిలీ అయింది. రెండువేల పంతొమ్మిదిలో అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు ముగ్గురూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. అమ్మాయి కాస్త లావెక్కింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. సివిల్ ఇంజనీరింగ్ చదువుతోంది. మొదటి ఏడు కష్టంగా గడిచిందని చెప్పింది. స్కాలర్‌షిప్ పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెడితే వాళ్ళంతా గడగడా స్పానిష్ మాట్లాడుకున్నారట. తను నవ్వుతూ కూర్చుందట. ఒకబ్బాయి, నువ్వు పొరపాటున వచ్చావా అని అడిగాడట.

"నువ్వేమన్నావు?" అన్నాను.

"పరీక్ష రాసి వచ్చానన్నాను. ఆ తర్వాత స్పానిష్ క్లాసులో చేరాను. మొత్తం మార్కులు తగ్గితే స్కాలర్‌షిప్ ఆపేస్తారు ఆంటీ. తగ్గించింది ఆ స్పానిషే. లెక్కలతో గట్టెక్కాను."

ఇప్పుడు ఎలా మాట్లాడుతున్నావో వినిపించమన్నాను. వాళ్ళమ్మతో ఏదో అంది. తల్లి ఒక మాట దగ్గర ఆపి సరిదిద్దింది. అమ్మాయి మళ్ళీ అంది. తల్లి మళ్ళీ సరిదిద్దింది. ఈసారి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆయన అన్నం కలుపుతూ ఇద్దరి వైపూ చూశారు.

"ఏంటి, నా గురించేనా?" అన్నారు.

"కాదండి," అంది ఆమె, ఇంకా నవ్వుతూనే.

అదేమిటో ఎవరూ తెలుగులో చెప్పలేదు. ఆయన నన్ను మజ్జిగ అడిగారు.