విమానాల చప్పుడులో మా నొప్పి విన్న హైమవతి మేడం

మంగళవారం పొద్దున శంషాబాద్ మైదానంలో సున్నంతో గీతలు వేస్తుంటే ఫోన్ మోగింది. మేడం పేరు కనబడింది. రావడానికి ఆలస్యమవుతుందని చెప్పడానికి కాబోలు అనుకుని ఎత్తాను. మాట్లాడింది ఆమె భర్త మూర్తిగారు. "స్వరూపా, మీ మేడం ఇక లేదమ్మా. నిద్రలోనే ప్రాణం పోయింది" అన్నారు. నేను "సరే సార్" అన్నాను. చావుకబురు చెప్పిన మనిషితో సరే అన్నదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ గీత మొదలుపెట్టాను. కొంతదూరం పోయాక చూసుకుంటే అది వంకరగా పోయి మైదానం బయటికి వెళ్ళింది. అప్పుడు అక్కడే కూలబడి ఏడ్చాను.

హైమవతిగారు వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టు. తెనాలిలో పుట్టారు. నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం చేసి, పదవీవిరమణ తరువాత రాజేంద్రనగర్‌లో స్థిరపడ్డారు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో మా మహిళా ఫుట్‌బాల్ జట్టు కాళ్ళ బాధ్యతను నెత్తికెత్తుకున్నారు. జాతీయ లీగ్‌లో ఆడిన మా అమ్మాయిల్లో ఆమె చేయి పడని మోకాలు లేదు. అయినా ఏ విజయోత్సవ వేదికా ఆమె ఎక్కలేదు, ఏ పత్రికలోనూ ఆమె ఛాయాచిత్రం రాలేదు. ఆమె ఎవరో తెలియనివారికి చెప్పవలసిన భారం ఒకప్పటి క్రీడాకారిణిగా, ఇప్పటి కోచ్‌గా నామీద పడింది. నాకు కోపం ముక్కుమీద ఉంటుంది, పొగడడం చేతకాదు. చూసింది చూసినట్టు రాస్తాను.

మొదటిరోజు ఆమె స్కూటర్ మీద కాళ్ళ దగ్గర ఒక చెక్క స్టూలు పెట్టుకుని వచ్చారు. ఇంట్లో అటక మీది సామాను దించడానికి వాడే స్టూలది. దాన్ని గడ్డిలో పెట్టి ఒక్కొక్కరినీ ఎక్కి దూకమన్నారు. జాతీయ శిబిరానికి పోబోయేదాన్ని పట్టుకుని స్టూలు మీంచి దూకమనడమేమిటని నాకు ఒళ్ళు మండింది. అయినా దూకాను. ఆమె నా ముఖం చూడలేదు, మోకాళ్ళు చూశారు. పాదాలు నేల తాకగానే మోకాళ్ళు లోపలికి వాలుతున్నాయట. "మోకాళ్ళు తోడికోడళ్ళమ్మా. ఒకే ఇంట్లో ఉండాలి గానీ ఒకళ్ళమీద ఒకళ్ళు పడకూడదు" అన్నారు. ఆ మాటకు జట్టంతా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆడపిల్లల మోకాలిలో ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ తెగడం మగవాళ్ళకంటే ఎక్కువని, దానికి కారణం ఒక్కటే ఉండదని ఆమె ఓపికగా చెప్పేవారు. తొడ వెనక కండకు బలముందా, ఎన్ని గంటలు నిద్రపోయాం, పొద్దున ఏం తిన్నాం, నెలసరి సరిగా వస్తోందా అని అన్నీ ఆరా తీసేవారు. వేసవిలో బండబారిన నేలమీద నీళ్ళు కొట్టించందే పరుగు పెట్టనిచ్చేవారు కాదు. నేను మా అన్న బూట్లలో ముందువైపు గుడ్డ కుక్కి ఆడుతున్నానని తెలిసి, "మగపిల్లాడి బూటులో గుడ్డ కుక్కితే ఆడపిల్ల బూటైపోతుందా?" అని చీవాట్లు పెట్టారు. అన్నిటికంటే ఆమెను భయపెట్టింది పాత దెబ్బ. ఒకసారి దెబ్బతిన్న కాలిని కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలనేవారు.

అందుకే మా జట్టుకో పుస్తకం పెట్టారు. రోజూ ఎక్కడ నొప్పిగా ఉందో, ఇంతకుముందు ఏ దెబ్బలు తగిలాయో అందులో రాయాలి. తప్పంతా అక్కడే జరిగింది. ఆ పుస్తకం ఉండేది మా కోచ్ యాదగిరి సర్ బల్లమీద. జట్టు ఎంపిక చేసేదీ ఆయనే. ఇక ఎవరు రాస్తారు? అందరం "లేదు" అనే రాశాం. పదహారేళ్ళప్పుడు మామిడిపల్లిలో మా ఇంటి వెనక పొలంలో ఆడుతూ పడితే నా కుడిమోకాలు గుమ్మడికాయంత వాచింది. ఊళ్ళో పసరుకట్టు కట్టించారు. ఆ సంగతి రాయాలా అని ఇంట్లో అడిగితే మా అమ్మ, "రాస్తే తీసేస్తరు బిడ్డా. ఏం లేదని రాయి. గీ ఒక్క శిబిరానికి పోయి రా, తర్వాత చూద్దాం" అన్నది. రాశాను. ఆ రెండక్షరాల పక్కన సంతకం కూడా పెట్టాను.

శిబిరానికి పది రోజులుందనగా జరిగిన మ్యాచ్‌లో నన్నెవరూ తాకనైనా తాకలేదు. బంతి కోసం ఎగిరి దిగాను, కుడికాలు లోపలికి వాలింది, టప్‌మని చప్పుడైంది. నలుగురు మోసుకెళ్ళి ఆటోలో వేశారు. దవాఖానలో లిగమెంట్ తెగిందన్నారు. మేడం వచ్చేసరికి మా అమ్మ గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. "నేనే చెప్పొద్దన్న మేడం. పాత దెబ్బుండె దానికి. నా నోటితోనే నా బిడ్డ కాలు ఇరగ్గొట్టిన" అన్నది. మేడం ఆమె పక్కన నేలమీదే కూర్చున్నారు. "ఇరవై ఇద్దరు ఆడపిల్లల్లో ఒక్కరికీ పుట్టినప్పటినుంచి ఏ దెబ్బా తగల్లేదని రాస్తే, అది అబద్ధమని నాకు తెలియదా అమ్మా? తెలిసీ ఊరుకున్నాను. కోచ్ ఎదుట నిజం రాయమన్నదాన్ని నేను. తప్పు నాది" అన్నారు. ఆ మాట ఆమె అన్న స్వరం నాకిప్పటికీ చెవిలో ఉంది. నేను తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

మర్నాటినుంచి పుస్తకం లేదు. ప్రాక్టీసుకు ముందు ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుని మైదానం చుట్టూ ఒక చుట్టు నడిచేవారు. మా మైదానం మీదుగా విమానాలు బాగా కిందుగా పోతాయి. అవి పోతున్నంతసేపు ఎవరి మాటా ఎవరికీ వినబడదు, నోళ్ళు మూసుకుని నిలబడడం మాకలవాటు. "చెప్పడానికి భయమైతే విమానం వచ్చినప్పుడు నా చెవిలో చెప్పండి. నేనూ విమానమూ తప్ప ఎవరూ వినరు" అన్నారు మేడం. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. తరువాత తరువాత, విమానం నెత్తిమీదికి రాగానే మేడం చెవి దగ్గర ఎవరో ఒకరు వంగి ఉండేవారు. చీలమండ నొప్పులు, ఆగిపోయిన నెలసరులు, ఇంట్లో తిండి సరిపోక కళ్ళు తిరగడాలు, అన్నీ ఆ చప్పుడులోనే బయటపడ్డాయి.

ఆ రహస్యాలు విప్పకుండానే, కొందరికి విశ్రాంతి కావాలని అడగడానికి ఆమె యాదగిరి సర్ ముందుకు వెళ్ళిన రోజు నేను ఊతకర్రలతో అక్కడే ఉన్నాను. "నలుగురిని కూసోబెట్టుమంటరు. గిట్లయితే ఇగ ఆడేదెవరు మేడం?" అని సర్ పరేషాన్ అయ్యారు. "ఆడేది వీళ్ళే సర్. ఇంకా చాలా ఏళ్ళు ఆడాలనే నా తాపత్రయం. నొప్పి చెప్పిన పిల్ల జెర్సీ నంబరు ఇంకొకరికి ఇవ్వనని మీరు నాకు మాటివ్వండి" అన్నారు. సర్ చివరికి ఒప్పుకున్నారు. ఆనాటినుంచి మా జట్టులో అదొక ఆచారమైంది. ఆడలేని అమ్మాయి జెర్సీని మ్యాచ్ రోజున బెంచీమీద మడతపెట్టి ఉంచుతాం. నా తొమ్మిదో నంబరు పదకొండు నెలలు అలాగే కూర్చుంది.

ఆ పదకొండు నెలలూ నన్ను రాజేంద్రనగర్‌లోని తమ ఇంటికి రప్పించుకుని కాలికి మళ్ళీ నడక నేర్పారు. ఆకలేస్తోందని నేను చెప్పకముందే పళ్ళెంలో పప్పుచారు అన్నం ఉండేది. "కోపంతో కాలు వంగదమ్మా, అన్నంతో వంగుతుంది" అని ఎగతాళి చేసేవారు. నేను తిరిగి ఆడాను. జాతీయ శిబిరం పిలుపు మాత్రం మళ్ళీ రాలేదు. దానికి నేను ఏడ్చిన రోజున ఆమె ఓదార్పు మాటలేవీ చెప్పలేదు, నాతోపాటు ఏడ్చారు. మ్యాచ్ అయ్యాక ఆమె చేసే ఫోన్ కూడా విచిత్రంగా ఉండేది. "గెలిచారా అని ఊరంతా అడుగుతుంది. అందరూ నడిచి ఇంటికి వెళ్ళారా? అది చెప్పు ముందు" అనేవారు. నేను కోచ్‌నయ్యాక కూడా ఆ ప్రశ్న మారలేదు.

ఇక మొన్నటి సంగతి. ఆమె పోయిన ఐదు రోజులకు, ఆదివారం, మాకు మ్యాచ్ ఉంది. గెలిస్తే పై లీగ్‌కు వెళతాం. అందుకోసం రెండేళ్ళు కష్టపడ్డాం. మాకు గోల్ కొట్టగల అమ్మాయి నవ్య ఒక్కతే, ఇప్పుడు తొమ్మిదో నంబరు దానిదే. శనివారం సాయంత్రం మేడం బదులు నేను దానితో చుట్టు నడుస్తున్నాను. విమానం వచ్చింది. నవ్య నా చెవి దగ్గర వంగి, "అక్కా, కుడి మోకాలు జారినట్టయితున్నది. రెండు దినాలసంది" అన్నది.

నేను వినబడనట్టు ఉండవచ్చు. నిజం చెబుతున్నాను, ఉందామనుకున్నాను. ఆ చప్పుడులో వినబడలేదంటే ఎవరు కాదంటారు? మళ్ళీ చెప్పడానికి దానికి ధైర్యం ఉండదని కూడా నాకు తెలుసు, ఎందుకంటే నాకుండేది కాదు. విమానం దాటిపోయింది. నవ్య నా ముఖంలోకి చూస్తోంది. "విన్న" అన్నాను. "నీ జెర్సీ బెంచీమీద ఉంటది, నువ్వు దాని పక్కన కూసో." అది తల వంచుకుని ఏడ్చింది. దాని భుజం మీద చెయ్యి వేశాను.

ఒక గోల్ తేడాతో ఓడిపోయాం. నన్ను తిట్టనివాళ్ళు లేరు. నవ్య ఆడి ఉంటే గెలిచేవాళ్ళమని అందరూ అన్నారు, నాకూ అలాగే అనిపిస్తుంది. రెండేళ్ళు ఆగి మళ్ళీ ఎక్కవలసిన మెట్టు అది. సోమవారం దవాఖానలో స్కాన్ తీస్తే నవ్య లిగమెంట్‌లో సగం చీలిక ఉందన్నారు. ఆడి ఉంటే మిగతా సగమూ తెగేదన్నారు.

ఎల్లుండి మేడం పెద్దకర్మ. చెక్క స్టూలును మూర్తిగారు నాకిచ్చి పంపారు. దానిమీద కాళ్ళు పెట్టిన అమ్మాయిలందరూ వస్తామన్నారు. ఆ తల్లి లాంటి మనిషి మళ్ళీ మాకు దొరకదు. ఆమె చెవి ఉన్న చోట ఇకపై నా చెవి ఉండాలి, అది చాలదని నాకు తెలుసు. ఆదివారం సాయంత్రం ఆట ముగిశాక అలవాటుకొద్దీ ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అది మోగదు కాబట్టి జవాబు ఇక్కడే రాస్తున్నాను. ఓడిపోయాం మేడం. అందరూ నడిచే ఇంటికి వెళ్ళారు.